నాలుగు మెట్ల దూరం: ప్లస్, మైనస్ ఆవేశాలతో ఆల్ఫా హెలిక్స్‌ని నిలబెట్టిన అనుభవం

ఇరవై అమైనో ఆమ్లాల చిన్న గొలుసుని, అంటే పెప్టైడ్‌ని, నీళ్ళలో వేస్తే మామూలుగా అది హెలిక్స్‌గా, అంటే మెలితిరిగిన చుట్టగా నిలవదు. ప్రోటీన్ లోపల ఉన్నంతసేపూ చుట్టుపక్కల నీటిగిట్టని భాగాలు దాన్ని ఒత్తి పట్టుకుంటాయి. ఒంటరిగా బయటికి తీస్తే ఆ ఆసరా పోయి, ఆకారం చెదిరిపోతుంది. ఏ ఆసరా లేకుండా, తన ఒంటి మీదున్న ప్లస్, మైనస్ ఆవేశాల పట్టుతోనే నిలబడే హెలిక్స్‌ని డిజైన్ చెయ్యడం, తయారుచెయ్యడం, అది నిజంగా ఆ పట్టు వల్లే నిలబడుతోందా అని తేల్చడం మేం చేసిన పని. మొదటిది ఒక పూటలో అయిపోతుంది. మూడోదానికి నెలలు పడుతుంది. ఈ పనికి కొత్తగా దిగేవాళ్ళు మొదటిదాని మీద చూపే శ్రద్ధలో సగం మూడోదాని మీద చూపినా చాలా పొరపాట్లు తప్పుతాయని మా నమ్మకం.

పేర్లు పొడుగు కాబట్టి ఇకమీదట అలనైన్‌ని ఏ, గ్లుటమేట్‌ని ఇ, లైసిన్‌ని కె, ఆర్జినిన్‌ని ఆర్, గ్లైసిన్‌ని జి, టైరోసిన్‌ని వై అంటాం. పీహెచ్ 7 దగ్గర ఇ మీద మైనస్, కె మీద, ఆర్ మీద ప్లస్ ఉంటాయి. ఎదురెదురు ఆవేశాలున్న రెండు సైడ్ చెయిన్లు (గొలుసు నుంచి పక్కకి చాచిన కొమ్మలు) దగ్గరికొచ్చి, ఒకదాని ఆక్సిజన్‌కీ ఇంకోదాని నైట్రోజన్‌కీ మధ్య దూరం 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే దాన్ని సాల్ట్ బ్రిడ్జ్ అంటారు.

లెక్క చాలా చిన్నది. మెలితిరిగిన ఇనుప మెట్లు ఊహించుకోండి, ఒక్కో అమైనో ఆమ్లం ఒక్కో మెట్టు. ఆల్ఫా హెలిక్స్‌లో ఒక చుట్టుకి 3.6 మెట్లు, మెట్టుకి 100 డిగ్రీల మలుపు, 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తు. ఒక మెట్టు మీద నిలబడి నాలుగు మెట్లు ఎక్కితే 400 డిగ్రీలు తిరుగుతాం, అంటే బయలుదేరినచోటికి సరిగ్గా పైన కాకుండా 40 డిగ్రీలు పక్కకి, 6 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తులో ఉంటాం. మూడు మెట్లే ఎక్కితే 60 డిగ్రీలు అటుపక్కన ఉంటాం. రెండు మెట్లకైతే దాదాపు హెలిక్స్ అవతలి వైపుకి పోతాం, అక్కడున్న ఆవేశానికి ఇక్కడి ఆవేశం అందదు. కాబట్టి పనికొచ్చే దూరాలు రెండే: నాలుగు మెట్లు, మూడు మెట్లు. వాటిలో నాలుగుదే పైచేయి.

దూరంతో పాటు దిశ కూడా చూడాలి. ఇ ముందు వచ్చి, నాలుగు మెట్ల తర్వాత కె రావడం ఒక పద్ధతి. కె ముందు, ఇ తర్వాత రావడం ఇంకో పద్ధతి. కాగితం మీద రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ హెలిక్స్‌కి తనదైన డైపోల్ ఒకటుంది: మొదటి కొస, అంటే ఎన్ టెర్మినస్ వైపు కాస్త ప్లస్, చివరి కొస, అంటే సి టెర్మినస్ వైపు కాస్త మైనస్. మొదట్లో ఇ, చివర్లో కె ఉంటే ఈ డైపోల్‌తో పొత్తు కుదురుతుంది. తిరగేస్తే రెండు కొసల్లోనూ తగవే. పైగా సైడ్ చెయిన్లు హెలిక్స్ మీద ఒకే వైపుకి వాలి ఉంటాయి కాబట్టి ఇ నుంచి కె కి చెయ్యి అందినంత సులువుగా కె నుంచి ఇ కి అందదు. 1987లో స్టాన్‌ఫర్డ్‌లో సుజాన్ మార్క్యుసీ, రాబర్ట్ బాల్డ్విన్ సరిగ్గా ఈ నాలుగు రకాలనీ తయారుచేసి చూశారు: నాలుగు మెట్లు, మూడు మెట్లు, ఒక్కొక్కదాంట్లో రెండు దిశలు. వాటిలో ఇ నుంచి కె కి నాలుగు మెట్ల పెప్టైడ్ సున్నా డిగ్రీల దగ్గర నీళ్ళలో దాదాపు 80 శాతం హెలిక్స్‌గా ఉంది. పదిహేడు అమైనో ఆమ్లాల ముక్కకి అది చిన్న విషయం కాదు.

మా మొదటి పెప్టైడ్ ఆ దారిలోదే. మొదట ఒక ఏ, తర్వాత ఇ-ఏ-ఏ-ఏ-కె మూడుసార్లు, మళ్ళీ ఒక ఏ, చివర జి-జి-వై. మొత్తం ఇరవై. మొదటి కొసకి ఎసిటైల్, చివరి కొసకి అమైడ్. కొసలు అలా మూయకపోతే ఎన్ టెర్మినస్‌లో ప్లస్, సి టెర్మినస్‌లో మైనస్ వచ్చి డైపోల్‌కి సరిగ్గా అడ్డం పడతాయి. ఇక ఆ వై ఎందుకంటే గాఢత కొలవడానికి, దాని సంగతి తర్వాత చెబుతాం. దానికి ముందు రెండు జి లు ఎందుకంటే, వై లోని సుగంధ వలయం హెలిక్స్‌లో కలిసిపోతే 222 నానోమీటర్ల దగ్గర సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం, హెలిక్స్ ఎంత ఉందో కాంతితో కొలిచే పద్ధతి) సిగ్నల్‌లో తన వంతు కలిపేసి లెక్క చెడగొడుతుంది. జి లు మధ్యలో ఉంటే హెలిక్స్ అక్కడే ఆగిపోతుంది, వై దూరంగా ఉండిపోతుంది.

దీనికి జోడీగా మరో రెండు చేశాం. ఒకదాంట్లో కె-ఏ-ఏ-ఏ-ఇ మూడుసార్లు, ఇంకోదాంట్లో ఇ-ఏ-ఏ-కె-ఏ మూడుసార్లు. మూడింటిలోనూ అవే అమైనో ఆమ్లాలు, అవే సంఖ్యలు, అదే బరువు. మారింది చోటు మాత్రమే. ఈ జోడీలు లేకుండా మొదటిదాన్ని ఒక్కదాన్నే చేసి, "70 శాతం హెలిక్స్ వచ్చింది, సాల్ట్ బ్రిడ్జ్ పనిచేసింది" అంటే ఆ మాటకి విలువ లేదు. ఎందుకంటే అలనైన్‌కే హెలిక్స్ అంటే మహా ఇష్టం. పేస్, షోల్జ్ 1998లో ఇచ్చిన స్కేల్ చూడండి: హెలిక్స్‌లో కూర్చోవడానికి అలనైన్‌కి అయ్యే ఖర్చు సున్నా అనుకుంటే ఆర్జినిన్‌కి 0.21, లైసిన్‌కి 0.26, గ్లుటమేట్‌కి 0.40, ఆస్పార్టేట్‌కి 0.69, గ్లైసిన్‌కి 1, ప్రోలిన్‌కి 3.16 కిలోకాలరీలు. పదకొండు అలనైన్లు పెట్టిన పెప్టైడ్‌లో హెలిక్స్ ఎంతోకొంత ఎలాగూ వస్తుంది. ఒక్క సాల్ట్ బ్రిడ్జ్ ఇచ్చే బలం మహా అయితే అర కిలోకాలరీ. ఆ అర కిలోకాలరీలని విడిగా చూపించేది జోడీ పెప్టైడ్‌లే.

ఆస్పార్టేట్ మీద మోజు పడవద్దు. దానిదీ మైనస్సే గానీ చెయ్యి పొట్టిది, నాలుగు మెట్ల అవతలి కె కి అందదు, పై స్కేల్‌లో ఖర్చూ ఎక్కువే. హెలిక్స్ మొదలయ్యే ముందు చోట, ఎన్ క్యాప్‌గా మాత్రం బాగా పనికొస్తుంది.

ఇంకో ఉచ్చు గురించి ఇక్కడే చెప్పాలి. ఇ-ఇ-కె-కె, ఇ-ఇ-కె-కె అని రాసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది, ప్లస్‌లూ మైనస్‌లూ చక్కగా పంచినట్టు. వేళ్ళు పెట్టి లెక్కపెట్టండి. ఒకటో చోట ఇ, దానికి నాలుగు మెట్ల తర్వాత ఐదో చోట మళ్ళీ ఇ. రెండుకీ ఆరుకీ అంతే. మూడో చోట కె, ఏడో చోట కె. ప్రతి నాలుగు మెట్లకీ తనలాంటిదే ఎదురై తోసేసుకుంటాయి. అదే ఇ-ఇ-ఇ-ఇ-కె-కె-కె-కె అని రాస్తే ఒకటి నుంచి ఐదుకి, రెండు నుంచి ఆరుకి, మూడు నుంచి ఏడుకి, నాలుగు నుంచి ఎనిమిదికి ఎదురెదురు ఆవేశాలే కలుస్తాయి. రెండింట్లోనూ ఇ లు సగం, కె లు సగం. ఒకటి హెలిక్స్, ఇంకోటి చెదిరిన తాడు. కంప్యూటర్‌లో ఏ మోడలింగ్‌కి దిగే ముందైనా సరే, గళ్ళ కాగితం మీద అక్షరాలు రాసి నాలుగు గళ్ళ దూరానికి గీతలు గియ్యడం మేం ఇప్పటికీ మానలేదు.

తయారీ దగ్గరికి వస్తే, ఎఫ్‌మాక్ పద్ధతిలో (ప్రతి అమైనో ఆమ్లానికీ ఎఫ్‌మాక్ అనే తాత్కాలిక మూత పెట్టి, ఒక్కొక్కటే చేర్చే పద్ధతి) రింక్ అమైడ్ రెజిన్ పూసల మీద కట్టాం. 0.1 మిల్లీమోల్ స్కేల్. రెజిన్ లోడింగ్ 0.25 మిల్లీమోల్ పర్ గ్రామ్‌ది తీసుకుంటే 400 మిల్లీగ్రాములు అవుతుంది. లోడింగ్ ఎక్కువున్నది చవక కదా అని 0.7 ది కొంటే అలనైన్ పెప్టైడ్‌కి మిగిలేది తలనొప్పే: గొలుసులు పక్కపక్కనే కిక్కిరిసి, ఒకదానికొకటి అతుక్కుని, కొత్త అమైనో ఆమ్లాన్ని దరిచేరనివ్వవు. ఒక్కో కప్లింగ్‌కి, అంటే గొలుసుకి ఒక అమైనో ఆమ్లాన్ని అతికించడానికి, అమైనో ఆమ్లం 5 రెట్లు, అంటే 0.5 మిల్లీమోల్. ఎఫ్‌మాక్ అలనైన్ అయితే 156 మిల్లీగ్రాములు. అతికించే కారకం హెచ్‌బీటీయూ 186 మిల్లీగ్రాములు, క్షారం డీఐపీఈఏ 174 మైక్రోలీటర్లు, డీఎమ్‌ఎఫ్ అనే ద్రావణిలో కలిపి 45 నిమిషాలు. ఎఫ్‌మాక్ తీయడానికి 20 శాతం పైపెరిడిన్, ముందు 5 నిమిషాలు, పారబోసి మళ్ళీ 10 నిమిషాలు. డీఎమ్‌ఎఫ్ పాతబడితే అందులో డైమిథైల్ అమీన్ చేరుతుంది, అది ఎఫ్‌మాక్‌ని అనుకోని సమయంలో ఊడబెరుకుతుంది. చేపల వాసన వచ్చే సీసాని పక్కన పెట్టెయ్యండి.

గొలుసు చివరి నుంచి మొదటికి కడతాం కాబట్టి మొదట వై, తర్వాత జి, జి, ఏ, కె... మొదటి పది కప్లింగ్‌లు సాఫీగా పోతాయి. ఇబ్బంది 11, 12, 13 దగ్గర, మళ్ళీ 16, 17, 18 దగ్గర. అవి రెండో, మూడో ఏ-ఏ-ఏ గుంపులు. అక్కడ అడక్కుండానే డబుల్ కప్లింగ్ చెయ్యాలి. ప్రతిసారీ పది పదిహేను పూసలు తీసి కైజర్ పరీక్ష చేశాం: నిన్‌హైడ్రిన్ ద్రావణాలు రెండు మూడు చుక్కలేసి 110 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. ద్రవం గడ్డి రంగులో ఉండి పూసలకి రంగు పట్టకపోతే కప్లింగ్ పూర్తయినట్టు. ద్రవం పసుపుగానే ఉన్నా పూసల అంచులు నీలంగా కనిపిస్తే పూర్తి కానట్టే. ఈ రెండోదాన్ని చాలామంది చూడరు, గొట్టాన్ని దూరం నుంచి చూసి పసుపే కదా అని ముందుకెళ్ళిపోతారు. తెల్ల కాగితం మీద గొట్టాన్ని వంచి, భూతద్దంతో పూసల్ని చూడండి.

రెజిన్ నుంచి విడదీయడానికి టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం) 95, నీళ్ళు 2.5, ట్రైఐసోప్రొపైల్ సైలేన్ 2.5 పాళ్ళలో, రెండున్నర గంటలు. తర్వాత చల్లటి ఈథర్‌లో పోస్తే తెల్లగా విరుగుతుంది. మాస్ స్పెక్ట్రమ్‌లో మా పెప్టైడ్‌కి ఒక ప్రోటాన్‌తో 1889.97 రావాలి. 1818.93 దగ్గర శిఖరం కనిపిస్తే ఒక అలనైన్ జారిపోయింది, 1747.90 అయితే రెండు. 1847.96 అయితే ఎసిటైల్ పడలేదు. 56.06 ఎక్కువొస్తే ఇ మీది టర్షియరీ బ్యుటైల్ ఇంకా ఊడలేదు, టీఎఫ్‌ఏలో మరో గంట ఉంచాలి. 1911.95 చూసి కంగారు పడక్కర్లేదు, అది సోడియం.

తర్వాత శుద్ధి. హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమాన్ని కాలమ్‌లోంచి పంపి వేరుచేసే పద్ధతి) సి 18 కాలమ్ మీద ఎసిటోనైట్రైల్‌ని నిమిషానికి ఒక శాతం చొప్పున పెంచితే, ఒక అలనైన్ తక్కువైన పెప్టైడ్ అసలుదానికి అంటుకునే వస్తుంది. నిమిషానికి అర శాతానికి తగ్గించాక గానీ రెండూ విడిపోవు. శిఖరం నడిమి భాగం తీసుకుని భుజాల్ని వదిలెయ్యండి. దిగుబడి తగ్గుతుంది, తగ్గనివ్వండి. సీడీకి కావలసింది మిల్లీగ్రాములే.

ఇక గాఢత. ఈ మొత్తం పనిలో ఫలితాల్ని అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాం.

హెచ్‌పీఎల్‌సీ తర్వాత ఫ్రీజ్ డ్రై చేస్తే దూది లాంటి తెల్లటి పొడి వస్తుంది. దాన్ని తూచి, అణుభారంతో భాగించి గాఢత కట్టడం అందరికీ మొదట తోచే దారి. అది తప్పు. మూడు కె ల మీదా ఒక్కో టీఎఫ్‌ఏ లవణంగా కూర్చుని ఉంటుంది. పెప్టైడ్ సగటు భారం 1890, మూడు టీఎఫ్‌ఏలు 342. అంటే పొడిలో 15 శాతం పైచిలుకు టీఎఫ్‌ఏనే. దానికి తోడు తేమ. ఈ పొడి గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. వానాకాలం ముసురులో మూత తీసి తూకం మీద పెడితే అంకె మన కళ్ళ ముందే పెరుగుతూ పోతుంది. ఫ్రీజర్ నుంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు.

ఉదాహరణకి 2 మిల్లీగ్రాముల పొడిని 1 మిల్లీలీటర్ నీళ్ళలో కలిపామనుకోండి. తూకం ప్రకారం 1.06 మిల్లీమోలార్ ఉండాలి. పది రెట్లు పలచన చేసి 280 నానోమీటర్ల దగ్గర 1 సెంటీమీటర్ క్యువెట్‌లో చూస్తే 0.125 వచ్చింది. వై కి మోలార్ శోషణ 1490. భాగిస్తే 84 మైక్రోమోలార్, పదితో గుణిస్తే 0.84 మిల్లీమోలార్. అంటే పొడిలో నిజమైన పెప్టైడ్ 79 శాతమే. ఈ ఒక్క తేడా చివర్లో ఏం చేస్తుందో చూడండి.

సీడీ రీడింగ్‌ని సగటు రెసిడ్యూ ఎలిప్టిసిటీగా (రెసిడ్యూ అంటే గొలుసులోని ఒక్కో అమైనో ఆమ్లం) మార్చాలంటే, మిల్లీడిగ్రీల అంకెని పది, మోలార్ గాఢత, సెంటీమీటర్లలో దారి పొడవు, రెసిడ్యూల సంఖ్య, ఈ నాలుగింటి గుణకారంతో భాగించాలి. 50 మైక్రోమోలార్, 1 మిల్లీమీటర్ క్యువెట్, 20 రెసిడ్యూలు అయితే ఆ గుణకారం సరిగ్గా 0.001. కాబట్టి 222 దగ్గర మైనస్ 24 మిల్లీడిగ్రీలు వస్తే అది మైనస్ 24,000. పూర్తి హెలిక్స్‌కి ఉండాల్సిన విలువ: మైనస్ 40,000 ని, ఒకటిలోంచి 2.5 బై 20 తీసేసిన దానితో గుణించి, ఉష్ణోగ్రతకి వంద రెట్లు కలపాలి. 5 డిగ్రీల దగ్గర అది మైనస్ 34,500. పూర్తిగా విడిపోయినదానికి 640 లోంచి ఉష్ణోగ్రతకి 45 రెట్లు తీసెయ్యాలి, 415 వస్తుంది. ఈ రెండింటి మధ్య మైనస్ 24,000 ఎక్కడ కూర్చుందో చూస్తే 70 శాతం హెలిక్స్. అదే తూకాన్ని నమ్మి ఉంటే ఎలిప్టిసిటీ మైనస్ 19,000 అనుకునేవాళ్ళం, హెలిక్స్ 56 శాతం అని రాసుకునేవాళ్ళం. రెండు పెప్టైడ్‌ల మధ్య మనం వెతుకుతున్న తేడా అంతకన్నా చిన్నదే కావచ్చు. ఒక పెప్టైడ్ ఎండిన తీరు, ఇంకోటి ఎండిన తీరు వేరైతే చాలు, లేని సాల్ట్ బ్రిడ్జ్‌ని మనం "కనిపెట్టేస్తాం".

టీఎఫ్‌ఏని వదిలించాలంటే 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి మళ్ళీ ఫ్రీజ్ డ్రై చెయ్యాలి, మూడుసార్లు. అది చేసినా సరే, గాఢత మాత్రం వై తోనే కొలవాలి.

బఫర్‌గా 10 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7, అందులో 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్. క్లోరైడ్ వద్దనడానికి కారణం, 200 నానోమీటర్ల కింద అది కాంతిని మింగేస్తుంది. 260 నుంచి 190 దాకా, బ్యాండ్‌విడ్త్ 1 నానోమీటర్, నాలుగు స్కాన్‌ల సగటు. డిటెక్టర్ వోల్టేజ్ 600 దాటితే ఆ కిందిది చెత్త కింద లెక్క, గ్రాఫ్‌లో పెట్టకండి. దీపం వెలిగించే ముందే నైట్రోజన్ వదలాలి, లేకపోతే ఓజోన్ పుట్టి అద్దాల్ని తింటుంది. 5 డిగ్రీల దగ్గర స్కాన్ చేస్తుంటే మన ఉక్కపోత వాతావరణంలో క్యువెట్ బయటి గోడకి మంచు పట్టినట్టు తేమ పడుతుంది. వోల్టేజ్ ఉన్నట్టుండి పైకి ఎగబాకి, సిగ్నల్ వణుకుతుంటే పెప్టైడ్‌ని అనుమానించే ముందు క్యువెట్ తీసి తుడవండి, శాంపిల్ గదిలోకి కూడా నైట్రోజన్ పెంచండి.

హెలిక్స్ అయితే 208 దగ్గర ఒకటి, 222 దగ్గర ఒకటి, రెండు లోయలు, 190 దగ్గర పెద్ద శిఖరం కనిపిస్తాయి. 5 డిగ్రీల నుంచి 75 దాకా పది పది డిగ్రీలు పెంచుతూ స్పెక్ట్రాలన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే, అన్నీ 203 దగ్గర ఒకే చుక్కలో కలుసుకోవాలి. అలా కలిస్తే హెలిక్స్, విడిన తాడు, ఈ రెండు స్థితుల మధ్యే ఆట జరుగుతున్నట్టు. ఆ చుక్క చెదిరితే మూడో స్థితి ఏదో ఉంది, ఎక్కువసార్లు అది ముద్దకట్టడమే. ఇంకో మాట: ఈ హెలిక్స్‌లు మామూలు ప్రోటీన్‌లా ఒక్కసారిగా కరగవు, వేడి పెరిగేకొద్దీ మెల్లగా, దాదాపు సరళరేఖలా సడలుతాయి. కాబట్టి ఎస్ ఆకారపు వక్రరేఖ గీసి మెల్టింగ్ పాయింట్ ఇదీ అని ప్రకటించడం సరికాదు. 5, 25, 50 డిగ్రీల దగ్గర హెలిక్స్ ఎంతో చెబితే చాలు.

ఇది ఒంటరి హెలిక్స్ అవునా, లేక రెండు మూడు కలిసి పెనవేసుకుని నిలబడుతున్నాయా? అలా పెనవేసుకుంటే మన డిజైన్ గొప్పతనం ఏమీ లేదు, ఆసరా మళ్ళీ బయటి నుంచే వచ్చినట్టు. 10, 50, 250 మైక్రోమోలార్ గాఢతల్లో ఎలిప్టిసిటీ మారకూడదు. 250 కి 1 మిల్లీమీటర్ క్యువెట్ పనికిరాదు, 0.2 మిల్లీమీటర్‌ది వాడాలి. 222 లోయని 208 లోయతో భాగిస్తే 1 కి చేరిందంటే కాయిల్డ్ కాయిల్, అంటే పెనవేసుకున్న హెలిక్స్‌లని అనుమానం పెట్టుకోవచ్చు, ఒంటరిదైతే అంతకన్నా తక్కువుంటుంది. అయితే ఈ నిష్పత్తిని ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పడం మాకు నచ్చదు.

ఆవేశాలే పట్టుకున్నాయని చూపే పరీక్షలు రెండున్నాయి, రెండింటిలోనూ గుంటలున్నాయి. మొదటిది పీహెచ్. 2 కి దించితే ఇ మీది మైనస్ పోతుంది, సాల్ట్ బ్రిడ్జ్ తెగుతుంది, హెలిక్స్ తగ్గాలి. కానీ ఆవేశం పోయిన ఇ కి హెలిక్స్ ఖర్చు 0.40 నుంచి 0.16 కి దిగుతుంది. ఒక చేత్తో పోయినదాంట్లో కొంత ఇంకో చేత్తో తిరిగొస్తుంది, అందుకే తగ్గుదల అనుకున్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. జోడీ పెప్టైడ్‌లకి కూడా ఇదే పరీక్ష చేసి తేడాల్లో తేడా చూడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: పీహెచ్ 2 బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్ వెయ్యకండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, అది క్వార్ట్‌జ్ క్యువెట్‌నీ తింటుంది, చేతినీ తింటుంది. అక్కడ సోడియం క్లోరైడే వాడి, 190 మీద ఆశ వదులుకుని 222 దగ్గరే చదవండి. పీహెచ్ 12 కి పోయి కె మీది ప్లస్ తీసేస్తే వై కూడా ప్రోటాన్ వదిలేస్తుంది, దాని శోషణ 295 వైపు జరుగుతుంది. కాబట్టి గాఢతని 7 దగ్గరే కొలుచుకుని, అదే స్టాక్‌లోంచి తీసి పలచన చెయ్యాలి.

రెండోది ఉప్పు. సోడియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్ నుంచి 1 మోలార్‌కి పెంచితే ఆవేశాల మధ్య లాగుడు మరుగునపడుతుంది. హెలిక్స్ తగ్గుతుంది గానీ కూలిపోదు. దాన్ని చూసి నిరాశపడక్కర్లేదు. ఇ, కె ల మధ్య ఆవేశపు లాగుడుతో పాటు హైడ్రోజన్ బంధం కూడా ఉంది, అది ఉప్పుకి అంతగా లొంగదు. పైగా ఏ ల బలం ఎటూ పోదు. ట్రైఫ్లోరో ఇథనాల్ కలిపితే హెలిక్స్ దూసుకుపోతుంది, కానీ ఆ అంకెని డిజైన్ ఘనతగా చూపించకూడదు. గరిష్ఠంగా ఎంత రాగలదో తెలుసుకోవడానికి మాత్రం 40 శాతం ద్రావణంలో ఒక స్కాన్ తీసిపెట్టుకోవడం మంచిది. జి-జి-వై ఎలాగూ హెలిక్స్‌లోకి రాదు కాబట్టి ఇరవైలో పదిహేడు, అంటే 85 శాతం దగ్గర మా పెప్టైడ్‌కి పైకప్పు ఉంది.

మూడు పెప్టైడ్‌ల వరుస అనుకున్నట్టే వచ్చింది: ఇ నుంచి కె కి నాలుగు మెట్లు అన్నిటికన్నా పైన, తిరగేసినది దాని కింద, మూడు మెట్లది ఇంకా కింద.

అసలు ఆసక్తి అంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది. ప్రకృతి ఈ పనిని మనకన్నా ఎప్పుడో ముందే చేసింది. మయోసిన్ 6, మయోసిన్ 10, కాల్డెస్మాన్ ప్రోటీన్లలో ఇ, కె, ఆర్ లతో నిండిన పొడవాటి ఒంటరి హెలిక్స్‌లున్నాయి, నీళ్ళలో ఒంటికంబంలా నిలబడతాయి. ఆ దారిలో 98 రెసిడ్యూల డిజైన్‌లు చేసిన ఒక పరిశోధన 2017లో వచ్చింది: ఏ-ఇ-ఇ-ఇ తర్వాత మూడు ప్లస్‌లు, ఈ ఏడింటినీ పద్నాలుగుసార్లు. మూడూ కె లే అయితే హెలిక్స్ నిలిచింది. కె-ఆర్-కె అయితే ఇంకా గట్టిగా, వేడికి ఇంకా ఓర్చుకుని నిలిచింది. ఆర్ మంచిదే కదా అని రెండు ఆర్ లు, మూడు ఆర్ లు పెడితే ముద్దకట్టింది. ఆర్ కొసనున్న గ్వానిడీనియం చదునుగా, నాలుగైదు వైపుల నుంచి బంధం కట్టగలిగేలా ఉంటుంది. తన హెలిక్స్‌లోని ఇ తో ఎంత సులువుగా కలుస్తుందో, పక్క హెలిక్స్‌లోని ఇ తోనూ అంతే సులువుగా కలుస్తుంది.

ఏ-ఇ-ఇ-ఇ-కె-ఆర్-కె ని గళ్ళ కాగితం మీద వేస్తే దాని బలం ఎక్కడుందో కనిపిస్తుంది. రెండో చోటి ఇ నుంచి ఆరో చోటి ఆర్ కి, మూడో చోటి ఇ నుంచి ఏడో చోటి కె కి నాలుగు మెట్లు. ఐదో చోటి కె నుంచి తర్వాతి వరుసలో తొమ్మిదో చోటి ఇ కి, ఆరు నుంచి పదికి, ఏడు నుంచి పదకొండుకి మళ్ళీ నాలుగేసి. మూడు మెట్ల దూరాలు కూడా లెక్కేస్తే మధ్యలో ఉన్న ప్రతి ఇ కీ పట్టుకోవడానికి ఒకటి కాదు, రెండో నాలుగో చేతులున్నాయి. ఒకటి జారినా ఇంకోటి ఉంటుంది. పొట్టి పెప్టైడ్‌లో మూడు విడి సాల్ట్ బ్రిడ్జ్‌లు చేసే పనికీ, ఇక్కడ వల లాగా అల్లుకున్నవి చేసే పనికీ తేడా ఇదే.

98 ని రెజిన్ మీద కట్టలేం, ఈ. కోలై బాక్టీరియాలో చేయించాలి. ఇక్కడ మొదటి అడ్డంకి జీన్. 294 బేస్‌లు, అన్నీ పునరావృతాలే. ఇ కి కోడాన్‌లు రెండే, కె కి రెండే. ఏ కి నాలుగు, ఆర్ కి ఆరు ఉన్నా అందులో ఏజీఏ, ఏజీజీ రెండూ ఈ. కోలైకి అరుదైనవి, వాడకూడదు. మిగిలినవాటిని మార్చి మార్చి వాడి ఏ రెండు వరుసలూ డీఎన్‌ఏ స్థాయిలో ఒకేలా లేకుండా చూసుకోవాలి. లేకపోతే పీసీఆర్‌లో ప్రైమర్ ఎక్కడపడితే అక్కడ అంటుకుని నిచ్చెనలా గీతలొస్తాయి, ప్లాస్మిడ్‌లో కూడా కొన్ని వరుసలు ఎగిరిపోతాయి. ప్రతి కొత్త కాలనీని రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించండి.

శుద్ధి మాత్రం హాయి. కణాల్ని పగలగొట్టిన ద్రవాన్ని 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే ఈ. కోలై ప్రోటీన్లు చాలావరకు విరిగి అడుగున పడతాయి. మన హెలిక్స్ సడలినా, చల్లారాక తిరిగి చుట్టుకుంటుంది. అయితే దాని ప్లస్‌లని ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలు అంటిపెట్టుకుని వస్తాయి. కణాలు పగలగొట్టేటప్పుడే 500 మిల్లీమోలార్ ఉప్పు ఉంచాలి, చివర్లో 260 కీ 280 కీ శోషణ నిష్పత్తి చూడాలి. డిజైన్‌లో వై గానీ ట్రిప్టోఫాన్ గానీ లేకపోతే 280 దగ్గర కనిపించేదంతా ఆ చెత్తే అవుతుంది. కాబట్టి ఒక చివర ఒక ట్రిప్టోఫాన్ పెట్టుకోండి, దాని శోషణ 5500. జెల్‌లో గీత 12 కిలోడాల్టన్‌ల దగ్గర కాకుండా ఇంకా పైన కనిపిస్తే భయపడవద్దు. ఇంత ఆవేశమున్న ప్రోటీన్‌కి ఎస్‌డీఎస్ (జెల్‌లో ప్రోటీన్‌ని నడిపించే డిటర్జెంట్) సరిగ్గా పట్టదు, మెల్లగా నడుస్తుంది. నిర్ధారణ మాస్ స్పెక్ట్రమ్‌తోనే: ఏ-ఇ-ఇ-ఇ-కె-ఆర్-కె పద్నాలుగుసార్లకి 12,211 డాల్టన్లు, దానికి మనం కలిపిన ట్రిప్టోఫాన్ వగైరా బరువు. రెండు కొసల్లోంచీ ట్రిప్సిన్ లాంటి ప్రోటీయేజ్‌లు కొరుకుతాయి, కె లూ ఆర్ లే వాటికి ఆహారం కాబట్టి ఇన్‌హిబిటర్ మొదటి నిమిషంలోనే పడాలి.

శుద్ధి అయిన రోజు స్పెక్ట్రమ్ అందంగానే ఉంటుంది, ముద్దకట్టేది కూడా ఆ రోజుకి హెలిక్స్‌లాగే కనిపిస్తుంది. అందుకని 100 మైక్రోమోలార్ స్టాక్‌ని 4 డిగ్రీల దగ్గర వారం ఉంచి, గరిష్ఠ వేగంతో అరగంట సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవంలో 280 శోషణ మళ్ళీ కొలుస్తాం. మొదటి రోజు విలువలో 95 శాతం పైన ఉంటేనే ఆ డిజైన్‌ని ముందుకు తీసుకెళ్తాం. తగ్గిందంటే ఒక్కో ఆర్ చోట కె పెట్టి, జీన్‌ని మళ్ళీ ఆర్డర్ చేస్తాం.